ఏసీ పాడైందని చెప్పాను

మే 3, శుక్రవారం

ఇవాళ గంగామణి చిలకను తెచ్చి అప్పగించింది. చిలకంటే పక్షి కాదు, ఆడ ఊసరవెల్లి. ఎప్పుడో నేనే ఈ డైరీ తిరగేసి తికమక పడతానని రాసిపెడుతున్నాను. ఆకుపచ్చగా ఉందని ఆ పేరు పెట్టుకుంది.

గంగామణి నాకు పరిచయమైంది పక్షుల అంగడిలో, కీచురాళ్ల డబ్బా దగ్గర. మా మగ ఊసరవెల్లి దొరగారికి మేత కొనడానికి నేను వెళ్తే, ఈవిడ కూడా అదే డబ్బాలో చెయ్యి పెట్టి పెద్దవాటిని ఏరుతోంది. దోహాలో కీచురాళ్లు బేరమాడే తెలుగు ఆడవాళ్లం ఇద్దరమే ఉంటాం, అక్కడికక్కడే స్నేహం కుదిరింది. గంగామణి యుస్రా అనే సిరియా ఆవిడ ఇంట్లో ఆయాగా చేస్తోంది. ఆ ఇంటి పిల్లలు ముచ్చటపడి ఊసరవెల్లి పిల్లను కొనిపించుకుని, వారం తిరక్కుండా మర్చిపోయారు. "నువ్వే తీసుకో" అని ఆవిడ ఈమెకు ఇచ్చేసింది. అప్పట్నుంచీ ఈమే సాకుతోంది.

మూడేళ్ల తర్వాత సెలవు దొరికి జగిత్యాల పక్కన సొంత ఊరికి వెళ్తోంది. జూలై మధ్యలో వస్తుంది. పంజరం తనే మోసుకొచ్చి, దొరగారున్న గదిలోనే కిటికీ పక్కన పెట్టి, రెండింటి మధ్య అట్టపెట్టె ముక్క నిలబెట్టింది.

"పొద్దుగాల్ల నీళ్లు చల్లాలె అక్కా. ఆకుల మీది చుక్కలే తాగుతది, గిన్నెల పోస్తే ముట్టదు," అంది. తర్వాత దొరగారి వైపు చూసి, "దీన్ని ఆని దిక్కు మాత్రం పంపకు. ఏడాది నిండలె దానికి. ఇంక పిల్లనే," అంది.

"నాకు తెలీదా గంగామణీ, నేను బయాలజీ టీచర్ని," అన్నాను.

"గందుకే గదక్కా నీకిచ్చి పోతున్న," అంది.

మే 9

అట్ట తీశాను. ఐదు నిమిషాలే. చూసుకోవడంలో తప్పేముంది? దొరగారు ఒంటి మీద చారలన్నీ వెలిగించుకుని తల ఊపడం మొదలెట్టాడు. చిలక కొమ్మ వెనక్కి తిరిగిపోయింది. సిగ్గు కాబోలు.

మే 12

అట్ట పెట్టడం మర్చిపోయి స్కూలుకి వెళ్లాను. సాయంత్రం దాకా అలాగే ఉంది. ఏమీ కాలేదు.

మే 14

పక్షుల అంగడిలో కీచురాళ్లు అమ్మే ఇర్ఫాన్‌ని ఊరికే అడిగాను, తెలుసుకుని ఉంటే మంచిదని. ఆడదాన్ని మగదాని పంజరంలో పెట్టాలట. లేతరంగులో నెమ్మదిగా ఉంటే ఒప్పుకున్నట్టు. నల్లబడి నోరు తెరిచిందంటే వద్దన్నట్టు. "ఆ క్షణమే బయటికి తీసెయ్యాలి టీచర్, ఒక్క నిమిషం కూడా ఆగకూడదు," అన్నాడు. ఇవన్నీ పుస్తకాల్లో నేనూ చదివాను. అయినా బుద్ధిగా తలూపాను.

నవంబరులో స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉంది. నిరుడు నేను పెట్టింది అగ్నిపర్వతం, అంతకు ముందేడు కూడా అగ్నిపర్వతమే. ఊసరవెల్లి గుడ్లు, వాటి పక్కన చార్టు, పిల్లల కళ్లు! ఏడాది నిండాలంటే చిలకకు ఇంకా మూడు నెలలు. మూడు నెలలు ఎంత? అయినా అది పుట్టిన తేదీ ఎవరు రాసిపెట్టారు గనక.

మే 17

పై అంతస్తు రామకృష్ణారావు బాబాయ్ గారు కాఫీకి వచ్చారు. మన పంచాంగం టైములను దోహాకి సరిచేసి మా నజ్మా పేటలో ఉన్న తెలుగువాళ్లందరికీ పంపే ఆయన. ఈ ఊళ్లో ఎవరు కారు కొన్నా, గృహప్రవేశం చేసినా ఆయన చెప్పిన నిమిషానికే. రెండు పంజరాలూ చూసి, "ఏమ్మా ధాత్రీ, సంబంధం ఖాయమేనా?" అన్నారు. మా ఆయన మనీష్ అందుకుని, "అబ్బాయి వైపు నేను, అమ్మాయి వైపు మా ఆవిడ. ముహూర్తం మీదే," అన్నాడు. బాబాయ్ గారు నిజంగానే ఫోన్ తీసి లెక్క కట్టారు. వచ్చే శుక్రవారం, పగలు పదకొండూ ఎనిమిది నుంచి పదకొండున్నర. కడుపుబ్బా నవ్వుకున్నాం.

సరదాకే కదా అనుకున్నాను. అరగంటలో బిల్డింగ్ గ్రూపులో శుభలేఖ వచ్చేసింది. 'చి.ల.సౌ. చిలకను చి. దొరకు ఇచ్చి' అని బాబాయ్ గారి భార్య ఇందిరాదేవి పిన్నిగారే రాశారు. పులిహోర కూడా తనదేనట.

మే 24, శుక్రవారం

పెళ్లి అయిపోయింది.

పద్నాలుగు మంది వచ్చారు. ఎవరో ఫోన్లో సన్నాయి పెట్టారు. పిన్నిగారు బియ్యంలో పసుపు కలిపి అక్షింతలు కూడా తెచ్చారు. నేను పట్టుచీర కట్టుకున్నాను. నవ్వొస్తుందని తెలుసు, అందుకే కట్టుకున్నాను.

పదకొండూ ఇరవై ఎనిమిదికి చిలకను చేత్తో తీసి దొరగారి పంజరంలో కొమ్మ మీద పెట్టాను. తలుపు ఇంకా వెయ్యలేదు. అప్పుడే అది నల్లబడింది. మెల్లగా కాదు, నా వేళ్లు వదిలేలోపే. నలుపు మీద పసుపు చుక్కలు. నోరు తెరిచింది. లోపలి గులాబీరంగు కనిపించింది. బుస్సుమంది. అందరూ "ఓహో, పెళ్లికూతురికి కోపం వచ్చింది" అని నవ్వారు.

నా చెయ్యి ఇంకా లోపలే ఉంది. తీసేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. "ముహూర్తం దాటిపోతోందమ్మా" అన్నారు బాబాయ్ గారు. పద్నాలుగు మంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు బయటికి తీస్తే, పులిహోర అదీ పెట్టుకుని, అందరినీ పిలిచి... చెయ్యి తీసి తలుపు వేశాను. అక్షింతలు వేశారు. జాలీలోంచి గింజలు లోపల పడుతుంటే చిలక ఒక మూలకి పోయింది. దొరగారు వెనకాలే వెళ్లాడు.

పులిహోర బాగుందని అందరూ అన్నారు.

మే 25

నిన్న సాయంత్రం దాకా బయటికి తియ్యలేదు. అలవాటు పడతాయనుకున్నాను.

మే 27

చిలక మెడ దగ్గర చిన్న గాటు ఉంది. మందు రాశాను. దాని పంజరంలో అది మామూలుగానే ఉంది, కీచురాళ్లు తింటోంది. ప్రకృతిలో ఇవన్నీ ఉంటాయి. అక్కడ ఎవరు అడిగి చేస్తారు? అడివిలో ఏడాది నిండిందా లేదా అని ఎవరు చూస్తారు?

అడివిలో అయితే పారిపోవడానికి చోటుంటుంది. ఈ మాట కూడా నేను ఎనిమిదో తరగతికి చెప్పిందే.

జూన్ 2

గంగామణి వీడియో కాల్ చేసింది. "చిలకను జూపియ్యక్కా" అంది. దూరం నుంచి చూపించాను. ఎండ పడుతోంది కనుక రంగు అలా కనిపిస్తోందని, అడక్క ముందే చెప్పాను. వెనక వాళ్లమ్మ గొంతు వినిపించింది. "మూడేండ్లు దుబాయ్ పోయి తొండను సాకినవా బిడ్డా?" అని. గంగామణి పడీ పడీ నవ్వింది. "తొండ గాదే అవ్వా, నా బిడ్డ," అంది.

ఫోన్ పెట్టేశాక చిలక మెడ మీది గాటుకి మళ్లీ మందు రాశాను.

జూన్ 11

కడుపు పెరిగింది. రంగు తేలింది, పసుపూ నీలమూ మచ్చలు. సందేహం లేదు. మనీష్ స్వీట్లు తెచ్చాడు. పై అంతస్తుకి కూడా పంపాడు. తిన్నాను.

జూన్ 19

బకెట్లో తడి ఇసుక నింపి పంజరంలో పెట్టాను. ఇది మాత్రం పద్ధతి ప్రకారం చేశాను. తవ్వి, గుడ్లు పెట్టి, కప్పెట్టేసి వచ్చేస్తుంది. తవ్వేటప్పుడు మనుషులు కనబడకూడదు. బెదిరితే వదిలేస్తుంది, గుడ్లు లోపలే ఉండిపోతాయి. పంజరం చుట్టూ పాత దుప్పటి కట్టాను. గంగామణి వచ్చేసరికి గుడ్లు ఓ పెట్టెలో భద్రంగా ఉంటాయి, చిలక మామూలుగా ఉంటుంది. అప్పుడు చెప్పొచ్చు. సంతోషించినా సంతోషిస్తుంది.

జూన్ 22

పొద్దున దుప్పటి అవతల ఇసుక రాలుతున్న చప్పుడైంది. ఒక్కసారి అంచు ఎత్తాను. ఎగ్జిబిషన్‌కి ఒక్క ఫోటో ఉంటే చాలని. చిలక సగం గుంటలో ఉంది. ఒక కన్ను తిప్పి నన్ను చూసింది. అలాగే ఆగిపోయింది. ఐదు నిమిషాలు చూశాను, కదలలేదు. దుప్పటి దించేశాను.

సాయంత్రానికి పైన కొమ్మ మీద ఉంది. గుంట అలాగే ఉంది.

జూన్ 24

పంతొమ్మిది గుడ్లు. గుంటలో కాదు, పంజరం అడుగున అక్కడక్కడా పడేసి ఉన్నాయి. ఏరి తడిపొట్టులో సర్ది డబ్బాలో పెట్టాను. కడుపు ఇంకా ఉబ్బుగానే ఉంది. కళ్లు మూసుకుని ఉంటోంది. పగటిపూట ఊసరవెల్లి కళ్లు మూసుకోకూడదు.

జూన్ 26

క్లినిక్కి తీసుకెళ్లాను. డాక్టర్ జహాంగీర్ అని, పాములకీ తాబేళ్లకీ చూసే ఆయన. ఎక్స్‌రే చూపించారు. లోపల ఇంకా ఇరవైకి పైనే. ఎముకలు దారాల్లా ఉన్నాయి. "దీని ఒంట్లోని కాల్షియం అంతా గుడ్లకే పోయింది. ఇది ఇంకా ఎదగనేలేదు. దీన్ని ఎవరు జత కట్టించారు?" అని అడిగారు.

నేను, "ఇది మా పనమ్మాయిది సర్. ఆవిడ ఏం చేసిందో నాకు తెలీదు. ఇలాగే తెచ్చి ఇచ్చింది," అన్నాను.

మా పనమ్మాయి! గంగామణి ఎప్పుడు మా ఇంట్లో పనిచేసింది? నోటికి అంత సులువుగా ఎలా వచ్చింది?

ఆయన తల అడ్డంగా ఊపి, "చదువు లేనివాళ్ల చేతికి ఇలాంటివి ఇవ్వకూడదు మేడం," అన్నారు. అవునన్నాను.

ఇంజెక్షన్ ఇచ్చారు. రేపటికి చూద్దామన్నారు.

జూన్ 28

చిలక పొద్దున పోయింది.

జూన్ 29

మేడ మీద బాబాయ్ గారి కరివేపాకు తొట్టి పక్కన ఇంకో తొట్టి ఖాళీగా ఉంటే అందులో పాతిపెట్టాను. చనిపోయాక రంగు మళ్లీ లేతాకుపచ్చకి వచ్చింది, గంగామణి తెచ్చినప్పటిలాగే. పిన్నిగారు, "పోనీలే అమ్మా, పుణ్యస్త్రీగా పోయింది," అన్నారు. సరదాగానే అన్నారు. ఆవిడ మొహం మీద అరిచేశాను. పాపం, బిత్తరపోయారు. ఆ అరుపు ఎవరి మీదో ఆవిడకేం తెలుసు.

జూలై 3

గంగామణికి చెప్పకుండా ఎన్నాళ్లు? ఫోన్ చేస్తే మధ్యలో ఏదో ఒకటి అడుగుతుంది. వాయిస్ మెసేజ్ పెట్టాను. నాలుగుసార్లు చెరిపి, ఐదోసారిది పంపాను. "మేం రెండు రోజులు లేము గంగామణీ. గదిలో ఏసీ పాడైంది. ఆ వేడికి చిలక తట్టుకోలేకపోయింది. నన్ను క్షమించు," అని.

క్షమించు అన్నమాట వరకూ నిజమే.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. గంటన్నర తర్వాత, "అయ్యో అక్కా" అని వచ్చింది. అంతే వచ్చింది.

జూలై 19, శుక్రవారం

గంగామణి వచ్చింది. ఊరి నుంచి సకినాలు, ఒక సీసా మామిడికాయ తొక్కు తెచ్చింది. నాకు! గదిలోకి వెళ్లి చిలక పంజరం ముందు కాసేపు కూర్చుంది. దొరగారి మీద కూడా నీళ్లు చల్లింది. గుడ్ల డబ్బా బీరువా మీద బట్టల వెనక దాచాను.

"ఆ రోజు ఏమైందక్కా?" అంది.

మెసేజ్‌లో చెప్పిందే మళ్లీ చెప్పాను. ఎయిర్ కండిషనర్ కంప్రెసర్ అనీ, మెకానిక్ రాలేదనీ ఇంకొంచెం చేర్చాను. వింది. నమ్మింది పాపం.

ఆగస్టు 9

గుడ్లు పారేద్దామని డబ్బా దించాను. మళ్లీ పెట్టేశాను. పంతొమ్మిదిలో మూడు కుళ్లాయి.

సెప్టెంబరు 13, శుక్రవారం

గంగామణి వచ్చింది. వంకాయ కూర వండి పెట్టింది. వెళ్లేముందు, "ఏమైందక్కా ఆ రోజు, మల్లొకసారి చెప్పు," అంది. చెప్పాను. మర్చిపోలేకపోతోంది.

అక్టోబరు 25, శుక్రవారం

మళ్లీ అడిగింది. ఈసారి నాకు విసుగొచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలి గంగామణీ, నాకు మాత్రం బాధ లేదా?" అన్నాను. "ఉంటదక్కా, ఎందుకుండదు," అంది మెల్లగా. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి పడ్డ చోట ఇప్పటికీ ఏదోలా ఉంది.

నవంబరు 21

ఎగ్జిబిషన్. అగ్నిపర్వతం పెట్టాను.

నవంబరు 29, శుక్రవారం

గంగామణి వచ్చింది. అడుగుతుందని బిగుసుకుని కూర్చున్నాను. చెప్పులేసుకుంటూ అడిగింది. "ఇంకేమన్న చెప్పేదుందా అక్కా?" అని. లేదన్నాను. 

డిసెంబరు 31

గంగామణి ఈ నెలంతా రాలేదు. వాళ్ల మేడంకి చుట్టాలొచ్చారట. నాకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

జనవరి 12

పొద్దున డబ్బా మూత తీస్తే ఒక గుడ్డుకి చీలిక. మధ్యాహ్నానికి ముక్కు బయటికి వచ్చింది. సాయంత్రానికి నా వేలి చివర మీద నిలబడింది, గోరంత ప్రాణి. రెండు కళ్లూ రెండు వైపులకి తిప్పుతూ నన్ను పరీక్షగా చూసింది. నేను గట్టిగా ఏడ్చాను. మనీష్ పరుగెత్తుకొచ్చి, "సక్సెస్ అయ్యావుగా, ఎందుకేడుస్తున్నావు?" అన్నాడు.

"గంగామణికి ఏం చెప్పాలి?" అన్నాను.

"కొనుక్కొచ్చామని చెబుదాం," అన్నాడు. వెంటనే, యోచించకుండా. నాతో ఉండి ఉండి అతనికీ వచ్చేసింది.

జనవరి 15

పదకొండు పిల్లలు. ఇంక వాటిని బీరువా మీద దాచలేను. శుక్రవారం రమ్మని గంగామణికి ఫోన్ చేశాను.

జనవరి 17, శుక్రవారం

జరిగింది జరిగినట్టే రాయాలి. ఈ ఒక్కరోజైనా.

వచ్చింది. టీ కూడా పెట్టకుండా ఎదురుగా కూర్చుని, "గంగామణీ, నేను నీకు అబద్ధం చెప్పాను," అన్నాను.

"ఏసీ సంగతా?" అంది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"రెండూ ఒక్క అర్రలనే ఉండె గదక్కా. ఏసీ పోతే మీ దొర గూడ పోవాలె. ఆడు మంచిగనే ఉన్నడు. నువ్వు మెసేజ్ పెట్టిన్నాడే సమజైంది నాకు."

"మరి అప్పుడే నన్ను ఎందుకు అడగలేదు?"

"అడిగిన గద. వచ్చినప్పుడల్ల అడిగిన. నువ్వే చెప్తవని సూసిన."

అప్పుడు చెప్పాను. ముహూర్తం, పులిహోర, సన్నాయి, అక్షింతలు. తర్వాత ఇసుక బకెట్, నేను ఎత్తిన దుప్పటి. మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు. క్లినిక్‌లో ఆవిడ మీద చెప్పింది మాత్రం చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను కానీ, ఆవిడకి చెప్పలేకపోయాను.

అంతా విని ఒకటే అడిగింది. "ఆని దగ్గర పెట్టినప్పుడు నల్లగైందా?"

"అయింది."

"నువ్వు సూసినవా?"

"చూశాను. నా చెయ్యి ఇంకా లోపలే ఉంది."

"మరి తియ్యలేదా?"

"అందరూ వచ్చి ఉన్నారు గంగామణీ. ముహూర్తం అన్నారు. అంతమందిలో..." అన్నాను.

గదిలో పిల్లల పెట్టె ఉంది, చూస్తావా అన్నాను. పదకొండూ నీవే, తీసుకెళ్లు అన్నాను. తల అడ్డంగా ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. తలుపు దాకా వెళ్లి, గోడకి చెయ్యి ఆనించి చెప్పులు వేసుకుంది. నా వైపు తిరగలేదు.

"నాకు పద్నాలుగేండ్లప్పుడు చేసిండ్రు అక్కా," అంది. "నా పెండ్లప్పుడు గూడ ఊరంత ఉండె. నేను ఏడ్సుడు అందరు సూసిండ్రు."

లిఫ్ట్ వచ్చింది. వెళ్లిపోయింది.